అప్లైడ్ ఫిజిక్స్ కోర్సు: పిల్లలు చేతులతో చేస్తున్నారు సరే, ఫిజిక్స్ ఎప్పుడు వస్తుంది?

తొమ్మిది_బి:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. వచ్చే టర్మ్ నుంచి మా దగ్గర అప్లైడ్ ఫిజిక్స్, టెక్నాలజీ అని కొత్త కోర్సు మొదలవుతోంది, అది నాకే ఇచ్చారు. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ రెండు పీరియడ్లు కలిపి, 28 మంది పిల్లలు. పాఠం తక్కువ, చేతిపని ఎక్కువ. ఇలాంటిది కావాలని స్టాఫ్ మీటింగుల్లో అడుగుతూ వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి ఇష్టం లేక అడుగుతున్న ప్రశ్న కాదిది.

నా భయం ఏంటంటే, రెండు రకాల ల్యాబ్ క్లాసులూ చేసి చూశాను, రెండిట్లోనూ ఏదో పోతోంది. ఒకటి రికార్డు రాసే రకం. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోండి అంటాం, 9.8 రావాలని పిల్లలకి ముందే తెలుసు, నలుగురు నిజంగా రీడింగులు తీస్తారు, మిగతావాళ్లు 9.8 నుంచి వెనక్కి లెక్కేసి రీడింగులు తయారు చేస్తారు. తప్పు వాళ్లదే అనలేను, 9.8 వచ్చినవాళ్లకే మార్కులు వేస్తూ వచ్చాం కదా. రెండోది తయారీ రకం. పోయిన ఏడాది ఒక నెల పాటు సాయంత్రాలు ఒక గ్రూపుతో మోటర్లు, పెరిస్కోపులు, రాళ్లు విసిరే యంత్రం చేయించాను. ఉత్సాహానికి లోటు లేదు, బెల్లు కొట్టినా కదిలేవాళ్లు కాదు. చివరి రోజు ఒక ప్రశ్న అడిగాను: మోటర్‌కి బరువు కడితే నెమ్మదిస్తుంది కదా, అప్పుడు బ్యాటరీ నుంచి తీసుకునే కరెంట్ పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్క అమ్మాయి తప్ప అందరూ తగ్గుతుందన్నారు. ఆ అమ్మాయిని ఎందుకని అడిగితే, ఇంతమంది ఒకటే చెబుతున్నారంటే ఇందులో మెలిక ఉంటుందనిపించింది మేడమ్ అంది. నెల రోజులు మోటర్లు చుట్టిన పిల్లలు వీళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉన్న సామాను: ఆరు డిజిటల్ మల్టీమీటర్లు, స్ప్రింగ్ త్రాసులు, కప్పీలు, థర్మామీటర్లు, ఒక పెట్టెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, గేర్లున్న చిన్న డీసీ మోటర్లు. ఏ వరుసలో చెప్పాలి, మెకానిక్స్ అంతా అయ్యాక కరెంట్‌కి వెళ్లాలా? లెక్కలంటే సగం మందికి టెన్షన్, వాళ్లని ఎలా లాక్కురావాలి? మార్కులు దేనికి వేయాలి? చెప్పినవాళ్లు గానీ, ఇలాంటి కోర్సు చదివినవాళ్లు గానీ ఉంటే రాయండి, పెద్దగా రాసినా ఓపిగ్గా చదువుతాను.

లోలకం:

మేడమ్, మీరు మోటర్ గురించి అడిగిన ప్రశ్న చాలా మంచిది, కానీ అది చివరి రోజు అడిగేది కాదు, మోటర్ వాళ్ల చేతికి ఇవ్వకముందు అడగాల్సింది. నేను చాలా ఏళ్లు ఇలాంటి క్లాసు నడిపాను, ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన నియమం ఒకటే. సామాను ముట్టుకునే ముందు ఏం వస్తుందో అంకెతో సహా నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి. పెన్సిల్ కాదు. రాసిన దాన్ని కొట్టేయకూడదు. ఆ తర్వాతే కొలత.

ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇది మాటల్లో చిన్నగా కనిపిస్తుంది గానీ క్లాసులో రెండు పీరియడ్లూ తినేస్తుంది. కదిలే కప్పీ ఒకటి, దానికి 1 కిలో బరువు. తాడు ఒక కొస పైన కట్టేసి ఉంటుంది, రెండో కొసని స్ప్రింగ్ త్రాసుతో నెమ్మదిగా పైకి లాగాలి. బరువు 9.8 న్యూటన్లు, రెండు తాళ్లు మోస్తున్నాయి, కాబట్టి 4.9 రావాలని అందరూ రాస్తారు. లాగితే 5.6 దగ్గర చూపిస్తుంది. ఇక్కడే రికార్డు రాసే క్లాసులో పిల్లవాడు 5.0 అని రాసేసి కూర్చుంటాడు. మీరు మాత్రం ఆ 0.7 న్యూటన్లు ఎక్కడివో వెతకమనండి. ఎవరో ఒకరు ఘర్షణ అంటారు. సరే, మొత్తం ఘర్షణేనా? కప్పీని విప్పి తూచమనండి. 60 గ్రాములు ఉందనుకోండి, దాన్ని కూడా మనమే ఎత్తుతున్నాం, అందులో సగం అంటే దాదాపు 0.3 న్యూటన్లు దానివే. మిగిలింది 0.4. ఇప్పుడు అదే బరువుని నెమ్మదిగా కిందికి దించుతూ రీడింగ్ చూడమనండి, 4.8 చూపిస్తుంది. పైకి లాగేటప్పుడు ఘర్షణ మనకి అడ్డం, దించేటప్పుడు మనకి సాయం. రెండిటి సగటు 5.2, కప్పీ బరువు కలిపి వేసిన లెక్క కూడా 5.2. ఆ సగటు దగ్గర క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది మేడమ్, నేను చాలాసార్లు చూశాను. ఘర్షణ అనేది పుస్తకంలో "నిర్లక్ష్యం చేయబడింది" అని రాసే మాట కాదు, దాన్ని పట్టుకుని కొలవొచ్చు అని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

తర్వాత అదే రీడింగులతో దక్షత లెక్క, అంటే మనం చేసిన పనిలో ఎంత శాతం బరువుని ఎత్తడానికి పనికొచ్చిందో. బరువుని అర మీటరు ఎత్తితే 4.9 జౌళ్లు, తాడు లాగింది 1 మీటరు, 5.6 జౌళ్లు, అంటే 87.5 శాతం. లెక్కలంటే భయపడే పిల్లలు ఈ లెక్కకి భయపడరు, ఎందుకంటే ఇందులో ప్రతి అంకె వాళ్ల చేతిలోంచి వచ్చింది. అంకెల వెనక వస్తువు లేనప్పుడే వాళ్లకి టెన్షన్. ఒకటే గట్టిగా పట్టుకోండి, యూనిట్ లేకుండా ఏ అంకే ఒప్పుకోకండి, మొదటి రోజు నుంచి.

వరుస గురించి. మెకానిక్స్ అంతా అయ్యాక కరెంట్ అనుకుంటే టర్మ్ అయిపోతుంది. 1980ల మధ్యలో అమెరికాలో ప్రిన్సిపుల్స్ ఆఫ్ టెక్నాలజీ అని హైస్కూల్ కోర్సు ఒకటి వచ్చింది, అందులో 14 యూనిట్లు. పేర్లు మెకానిక్స్, విద్యుత్తు, ఉష్ణం అని ఉండవు. బలం, పని, రేటు, నిరోధం, శక్తి, సామర్థ్యం (పవర్) ఇలా ఉంటాయి, ఒక్కో భావనని యంత్రాల్లో, ద్రవాల్లో, విద్యుత్తులో, ఉష్ణంలో పక్కపక్కనే చూపిస్తారు. తోసేది ఏంటి? ఒకచోట బలం, ఒకచోట పీడన భేదం, ఒకచోట వోల్టేజ్, ఒకచోట ఉష్ణోగ్రత భేదం. కదిలేది ఏంటి, ఎంత రేటున? అడ్డుకునేది ఏంటి? ఈ మూడు ప్రశ్నలు గోడ మీద రాసి పెట్టుకుని నడిపితే పైపులో నీళ్ల దగ్గర అర్థమైంది వైరు దగ్గర కూడా అక్కరకొస్తుంది. నేను దాన్ని ఉన్నదున్నట్టు అనుసరించలేదు, ఆ చట్రం మాత్రం తీసుకున్నాను.

మార్కులు: ముందు రాసిన అంచనా తప్పయితే మార్కు తీయొద్దు, రాయకపోతే తీయండి. అసలు రీడింగులు అలాగే ఉన్నాయా, స్ప్రింగ్ త్రాసు శూన్యాంశ దోషం (ఏమీ తగిలించకుండానే సున్నా చూపించకపోవడం) చూసుకున్నారా, అంచనాకీ కొలతకీ మధ్య తేడాకి కారణం చెప్పి ఆ కారణాన్ని మళ్లీ ఇంకో కొలతతో పరీక్షించారా, వీటికి వేయండి. 9.8 కి ఒక్క మార్కు కూడా పెట్టకండి, రెండు వారాల్లో వెనక్కి లెక్కలు వేయడం ఆగిపోతుంది.

మల్టీమీటర్:

నేను టీచర్ని కాదండీ, ఇలాంటి కోర్సు స్కూల్లో చదివినవాణ్ని. ఇప్పుడు పంపులు, మోటర్ల మెయింటెనెన్స్ పని. లోలకం గారు చెప్పినట్టు ముందు రాసి తర్వాత కొలవడం మా సార్ కూడా చేయించేవారు, అప్పట్లో విసుగ్గా ఉండేది, ఇప్పుడు రోజూ చేస్తున్న పని అదే. మీటర్ పెట్టే ముందు ఎంత రావాలో మనసులో లేకపోతే, వచ్చిన అంకె మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది?

నాకు బాగా గుర్తుండిపోయిన క్లాసు ఒకటుంది. 9 వోల్టుల బ్యాటరీ, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెసిస్టర్, కెపాసిటర్ విలువలు గుణిస్తే 47 సెకన్లు, ఆ టైముకి కెపాసిటర్ దాదాపు 63 శాతం నిండాలి, అంటే 5.7 వోల్టులు. ప్రతి పది సెకన్లకీ ఒకరు కేక వేయాలి, ఒకరు మీటర్ చదవాలి, ఒకరు రాయాలి. మా గ్రూపుకి డిజిటల్ మీటర్ దొరకలేదు, పాత ముల్లు మీటర్ ఇచ్చారు. మాది 7.3 వోల్టుల దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు కూర్చున్నా ఎక్కలేదు. బ్యాటరీ మార్చాం, కెపాసిటర్ మార్చాం, అదే 7.3. సార్ వచ్చి చూసి, ఏమీ చెప్పకుండా, మీటర్ కూడా సర్క్యూట్‌లో ఉంది కదా అని వెళ్లిపోయారు. ఆయన మీద చాలా కోపం వచ్చింది. మర్నాటికి మాలో ఒకడికి తట్టింది. ఆ మీటర్ డయల్ మీద వోల్టుకి 20 కిలో ఓమ్‌లు అని రాసి ఉంది, 10 వోల్టుల రేంజ్‌లో పెట్టాం కాబట్టి దాని నిరోధం 200 కిలో ఓమ్‌లు. అది కెపాసిటర్‌కి పక్కనే కూర్చుని కరెంట్ తాగేస్తోంది. 9 ని 200 తో గుణించి 247 తో భాగిస్తే 7.3. సరిగ్గా.

కొలిచే పరికరం కొలతని మారుస్తుంది అని పుస్తకంలో చదివి ఉంటే నేను మర్చిపోయేవాణ్ని. మేడమ్, మీ మీటర్లు డిజిటల్ అంటున్నారు, వాటి నిరోధం మామూలుగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది, 47 కిలోలతో ఈ తమాషా కనిపించదు. ఎక్కడైనా పాత ముల్లు మీటర్ ఒకటి ఉంటే పారేయకండి, దాన్ని ఒక గ్రూపుకి ఇవ్వండి. ఇంకో మాట, డిజిటల్‌తో కొలిచినా 47 సెకన్లు రాకపోవచ్చు, 40 రావచ్చు, 55 రావచ్చు. ఇలాంటి పెద్ద కెపాసిటర్లు ఎలక్ట్రోలైటిక్ రకం, వాటి విలువ 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. దాన్ని పిల్లల తప్పు అనుకోకండి.

వేవ్‌లెంగ్త్:

కాలేజీలో మొదటి ఏడాది వాళ్లకి ఫిజిక్స్ చెబుతాను. పైన లోలకం గారు రాసిన కప్పీ పాఠం నాకు చాలా నచ్చింది, నేను వాడుకుంటాను. కానీ ఆ నాలుగు వ్యవస్థల పోలిక విషయంలో ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే దాన్ని ఎక్కువ నమ్మి వచ్చిన పిల్లల్ని నేను చూస్తుంటాను.

బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. పీడన భేదాన్ని ప్రవాహ రేటుతో గుణించినా, వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణించినా వాట్లే. ఇంతవరకు అందంగా ఉంది. ఉష్ణం దగ్గరికి వచ్చేసరికి ఉష్ణ ప్రవాహ రేటే వాట్లలో ఉంటుంది, దాన్ని ఉష్ణోగ్రత భేదంతో గుణిస్తే ఏమీ రాదు. నిరోధం పోలిక మాత్రం ఉష్ణానికి చక్కగా పనిచేస్తుంది. అంటే పోలిక ఒకచోట నిలబడి, ఇంకోచోట కూలిపోతుంది. పిల్లలకి ఇది దాచకుండా, ఎక్కడ కూలుతుందో వాళ్లతోనే పట్టించండి.

దానికి నేను చూసిన వాటిలో బాగా కుదిరింది నీళ్ల సీసా. మల్టీమీటర్ గారి కెపాసిటర్‌ని ఖాళీ చేస్తే వోల్టేజ్ ఎలా పడుతుందో గ్రాఫ్ గీస్తాం కదా, ప్రతి సమాన కాలానికీ సమాన భాగం తగ్గుతుంది. సీసాకి అడుగున రంధ్రం పెట్టి నీళ్లు వదిలితే కూడా అలాగే పడుతుందా? పోలిక నమ్మినవాళ్లు అవునని రాస్తారు. కొలిస్తే కాదు. రంధ్రం నుంచి వచ్చే నీటి వేగం ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది, ఎత్తు నాలుగో వంతుకి పడితే వేగం సగమే అవుతుంది, లెక్క ప్రకారం సీసా మట్టం ఒక నిర్ణీత సమయంలో రంధ్రం దాకా దిగిపోతుంది. ఇప్పుడు ఆ రంధ్రానికి బదులు సన్నటి పొడుగాటి గొట్టం తగిలించి, అడ్డంగా పెట్టి వదలండి. నీళ్లు నెమ్మదిగా, సుడులు లేకుండా పోయేంత సన్నగా ఉండాలి. అప్పుడు ప్రవాహం ఎత్తుకి నేరుగా అనుపాతంలో ఉంటుంది, గ్రాఫ్ కెపాసిటర్ గ్రాఫ్ లాగే వస్తుంది. అదే సీసా, అవే నీళ్లు, బయటికి పోయే దారి మారితే నియమమే మారింది. ఓమ్ నియమం (కరెంట్ వోల్టేజ్‌కి నేరుగా అనుపాతంలో ఉంటుందనేది) ప్రకృతి అంతటికీ వర్తించే ఆజ్ఞ కాదు, కొన్ని వస్తువులు మాత్రమే అలా ప్రవర్తిస్తాయి అని చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఆ వెంటనే ఫిలమెంట్ బల్బు ఇవ్వండి. చల్లగా ఉన్నప్పుడు మీటర్‌తో నిరోధం కొలిచి, తర్వాత వెలిగించి వోల్టేజ్, కరెంట్ కొలిచి భాగిస్తే పది రెట్లు కూడా తేడా రావచ్చు, టంగ్‌స్టన్ వేడెక్కితే నిరోధం అంతలా పెరుగుతుంది. చిన్న బ్యాటరీ బల్బు చాలు.

గొట్టం వ్యాసం రెండింతలు చేస్తే ప్రవాహం ఎన్ని రెట్లు అవుతుందో కూడా ముందు రాయించండి. రెండు అంటారు, కొందరు నాలుగు అంటారు. ఆ సన్నటి గొట్టాల్లో పదహారు.

ఫ్యూజ్_వైరు:

పైనవాళ్లు అంత బాగా రాశాక నేను చెప్పేది కొంచెం పొడిగా ఉంటుంది, అయినా చెప్పాలి. 28 మంది, ఒక్క టీచర్. అన్నీ బ్యాటరీల మీదే చేయించండి, గోడ ప్లగ్గు దగ్గరికి ఏ ప్రయోగమూ వెళ్లకూడదు. ఇంట్లోంచి పాడైన సామాను తెస్తాం, విప్పి చూద్దాం అంటారు పిల్లలు. మైక్రోవేవ్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మాత్రం వద్దు. ప్లగ్గు తీసేసి ఉన్నా వాటి లోపల ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండొచ్చు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ప్లస్, మైనస్ తిప్పి పెడితే పగిలిపోవచ్చు, రక్షణ కళ్లద్దాలు లేకుండా ఎవరినీ కూర్చోనివ్వకండి. ఫోన్లలోంచి తీసిన లిథియం బ్యాటరీలు వాడకండి, షార్ట్ అయితే అంటుకుంటాయి. మీటర్‌ని కరెంట్ రేంజ్‌లో ఉంచి బ్యాటరీకి సూటిగా పెట్టడం ప్రతి బ్యాచ్‌లో జరుగుతుంది, విడి ఫ్యూజులు ముందే తెచ్చి పెట్టుకోండి, పెట్టినవాళ్లని తిట్టకండి, ఫ్యూజ్ వాళ్లతోనే మార్పించండి.

తొమ్మిది_బి:

అందరికీ ఎంత కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ ప్రింట్ తీసుకుని టేబుల్ మీద పెట్టుకున్నాను. టర్మ్ మొదలవకముందే, పోయిన ఏడాది గ్రూపులోని ఆరుగురిని పిలిచి నిన్న ఒకటి చేయించాను. ఆ మోటర్ ప్రశ్నే. ముందు పెన్నుతో రాయించాను, ఆరుగురూ మళ్లీ కరెంట్ తగ్గుతుందనే రాశారు (పోయినసారి పెరుగుతుందన్న అమ్మాయి నిన్న రాలేదు). బరువు కట్టి చూస్తే పెరిగింది. ఒకడు నా చేతిలోంచి మీటర్ లాక్కుని ప్రోబులు తిప్పి పెట్టి మళ్లీ చూశాడు.

తర్వాత దక్షత. 50 గ్రాముల బరువు, 1 మీటరు ఎత్తు, 2 సెకన్లు పట్టింది. మోటర్ దగ్గర 3 వోల్టులు, 0.4 ఆంపియర్లు. 1.2 వాట్లు లోపలికి వెళ్తే బయటికి వచ్చింది 0.245 వాట్లు, 20 శాతం. కప్పీకి 87 వచ్చిందని చదివి ఉన్నాను కాబట్టి నేను మనసులో 60, 70 అనుకున్నాను. పిల్లలు మిగతా 80 శాతం ఎక్కడికి పోయింది మేడమ్ అన్నారు. వేడి, ఘర్షణ అన్నాను. ఏది ఎంత అన్నారు. అక్కడ ఆగిపోయాను. ఇది మన దగ్గరున్న సామానుతో విడదీయొచ్చా?

లోలకం:

విడదీయొచ్చు మేడమ్. బరువు ఎత్తుతున్న మోటర్ ఇరుసుని వేళ్లతో గట్టిగా పట్టుకుని ఒక్క సెకను ఆపేయండి, ఎక్కువసేపు పట్టుకుంటే తీగ కాలిపోతుంది. గేర్ల తర్వాత ఇరుసుకి బలం ఎక్కువ ఉంటే పట్టుకోవడం కష్టం, అప్పుడు మోటర్ వైపు చిన్న గేరునే ఆపండి. ఆ ఒక్క సెకనులో మోటర్ దగ్గర వోల్టేజ్ ఒక మీటర్‌తో, కరెంట్ ఇంకో మీటర్‌తో చూడాలి. బ్యాటరీ కుంగుతుంది కాబట్టి 3 వోల్టులు ఉండవు. 2.4 వోల్టులు, 1.2 ఆంపియర్లు వచ్చాయనుకోండి, మోటర్ లోపలి తీగ చుట్ట నిరోధం 2 ఓమ్‌లు. మీ మోటర్ తిరుగుతున్నప్పుడు 0.4 ఆంపియర్లు కదా, కరెంట్ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 0.32 వాట్లు, తీగలో వేడి అది. మోటర్ ఆగితే కరెంట్ ఎందుకు ఎగిరిందో కూడా అక్కడే చెప్పొచ్చు. తిరిగే మోటర్ తనే ఒక జనరేటర్ కూడా, బ్యాటరీకి ఎదురుగా వోల్టేజ్ పుట్టిస్తుంది, నెమ్మదిస్తే ఆ ఎదురు తగ్గి కరెంట్ పెరుగుతుంది.

1.2 లోంచి 0.32, 0.245 తీసేస్తే ఇంకా 0.63 వాట్లు మిగులుతాయి. అది గేర్లలో, బ్రష్షుల్లో పోయిందని నా అనుమానం. దానికి దారం విప్పేసి, బరువు లేకుండా మోటర్‌ని తిప్పి కరెంట్ కొలవండి. ఏమీ ఎత్తకపోయినా ఎంత తీసుకుంటుందో చూస్తే తెలిసిపోతుంది.

తొమ్మిది_బి:

సోమవారం చేయిస్తాను. బరువు లేకుండా ఎంత కరెంట్ వస్తుందో ముందు ఆరుగురితోనూ రాయిస్తాను. నేను 0.1 అని రాసి పెట్టుకున్నాను, పెన్నుతోనే.